విన్నమాట సాక్ష్యం కాదు

ఆ ఉదయం రైల్వే ట్రాఫిక్ కాలనీలోని క్వార్టర్‌లో సూసన్న ఉప్మా చేసి భర్త ముందు పెట్టింది. క్వార్టర్ కొడుకు హెన్రీ పేరున వచ్చింది. అతను అప్పటికే వర్క్‌షాపుకి డ్యూటీకి వెళ్ళిపోయాడు. గూడ్స్ గార్డుగా రిటైరైన సుందర్ రాజు పేపరు చూస్తూ తింటున్నాడు.

"నిన్న నాను లాయరు కళ్యాణి ఇంటికెళ్ళినాను," అంది సూసన్న.

అతని చెయ్యి ఆగిపోయింది.

పోయిన వానాకాలంలో పక్కింటి రత్నం బజారునుంచి వస్తుంటే వెనకనుంచి ఏదో బండి గుద్దింది. పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను లేవదీద్దామని తన టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆపి దిగిన శామ్‌నే జనం పట్టుకున్నారు. టోటోని పోలీసులు పట్టుకుపోయారు, అతని మీద కేసూ పడింది. నిజానికి గుద్దింది హెన్రీ మోటారుసైకిలు. గుమ్మంలో నిలబడిన సుందర్ రాజు కళ్ళారా చూశాడు. హెన్రీ వెనక్కి తిరిగి చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోవడమూ చూశాడు. ఆ సాయంత్రం భార్యకొక్కదానికే చెప్పాడు. కొడుకును మాత్రం ఏమీ అడగలేదు.

మొన్నీమధ్య శామ్ భార్య స్వాతి, ఎవరైనా చూశారేమోనని ఇంటింటికీ తిరిగింది. సూసన్న ఆమెకు మంచినీళ్ళివ్వగలిగింది గాని మాటివ్వలేకపోయింది. అప్పట్నుంచి సూసన్నకు ముద్ద దిగలేదు. చివరికి సుభాష్‌పల్లిలో శామ్ తరఫు లాయరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. గుద్దింది శామ్ కాదనీ, తన భర్త చూసి తనకు చెప్పాడనీ, కోర్టులో ఆ మాట తాను చెప్తాననీ అంది. కొడుకు పేరు మాత్రం నోట రాలేదు.

కళ్యాణి ఓపిగ్గా విడమర్చి చెప్పింది. చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి, వాళ్ళు చెప్పగా విన్నది సాక్ష్యం కాదు. పైగా కాపురంలో భర్త భార్యతో చెప్పుకున్న మాటను, ఆయన ఒప్పుకోకుండా బోనులో చెప్పనివ్వరు.

"మీ ఆయనే రావాలి ఆంటీ. ఇంకో దారి లేదు," అంది.

ఇదంతా విని సుందర్ రాజు ప్లేటు పక్కకి జరిపాడు.

"ఆడు మన కొడుకు. కేసు పడితే ఉద్యోగం ఏటౌతాదో ఆలోసించినావా?"

"ఆలోసించినాను. శామ్ పిల్లలు ఏటి తింటన్నారో అదీ ఆలోసించినాను."

"నోరు మూసుకుంటే అదే సద్దుమణుగుతాది."

సూసన్న గొంతు పెంచలేదు. "మీరు నాకు సెప్పుకొని బరువు దించుకున్నారు. నానెక్కడ దించుకోను? కోర్టు కూడా నా మాట ఇనదంట."

సుందర్ రాజు మధ్యాహ్నమంతా వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. హెన్రీ డ్యూటీ నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు తాను అంతా చూశాననీ, వచ్చే వాయిదాకి కోర్టులో అదే చెప్తాననీ అన్నాడు. హెన్రీ తల వంచుకున్నాడు. ఒక్కటే అడిగాడు.

"అమ్మకి తెలుసా?"

తెలుసన్నాడు తండ్రి. ఆ తర్వాత వాయిదా రోజు దాకా హెన్రీ తల్లి ముఖం చూడలేదు.

ఆ రోజు భార్యాభర్తలిద్దరే లోకల్ ట్రెయిన్ ఎక్కి మేదినీపూర్ కోర్టుకి వెళ్ళారు. బోనులో నిలబడి సుందర్ రాజు తనకొచ్చిన హిందీలో, ఆ సాయంత్రం భార్యకి ఏం చెప్పాడో అదే చెప్పాడు. మోటారుసైకిలు నడిపింది ఎవరని కళ్యాణి అడిగింది. అతను తలుపువైపు చూస్తుంటే సూసన్న కూడా తిరిగి చూసింది. వర్క్‌షాపు బట్టల్లోనే హెన్రీ వచ్చి నిలబడి ఉన్నాడు.

"నా కొడుకే సార్, హెన్రీ," అన్నాడు సుందర్ రాజు.

బయటికి వచ్చాక హెన్రీ నేరుగా కళ్యాణి దగ్గరికి వెళ్ళి, తానేం చెయ్యాలని అడిగాడు. తాను శామ్ తరఫు మనిషిననీ, అతను వేరే లాయరును పెట్టుకోవాలనీ ఆమె చెప్పింది. అతను తలూపి, బెంచీ మీద కూర్చున్న శామ్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"బయపడిపోనాను అన్నా. తిరిగొద్దామంటే కాళ్ళు రాలేదు," అన్నాడు.

పక్కనున్న స్వాతి తలెత్తలేదు. శామ్ బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. హెన్రీ కూర్చోలేదు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

సూసన్న వెళ్ళి కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళనుంచీ నీళ్ళు కారిపోతున్నాయి.

"రేపు రత్నం ఇంటికెళ్ళి సెప్పాల," అంది. "నానూ వస్తాను."

"నానూ," అన్నాడు వెనకనుంచి సుందర్ రాజు.