రెండో పొట్లం

గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్టు పడిన చప్పుడుకు బొరుగు లేచింది. బొరుగుల్లా తెల్లగా, తేలికగా ఉందని కుప్పుసామి కూతురు ఆనంది ఆ కుక్కకు, అది పిల్లగా ఉన్నప్పుడు, పెట్టిన పేరది. ఒకప్పుడు ఆ చప్పుడు వింటే గేటుదాకా ఉరికి, పాలవాణ్ణి వీధి చివరిదాకా మొరిగి సాగనంపి గాని తిరిగొచ్చేది కాదు. ఇప్పుడు వెనకకాలొకటి పొట్టకు అదుముకొని, నున్నటి టైల్స్ మీద మూడు కాళ్లతో జారుతూ నడిమింటిదాకా వచ్చి, ఇక తన వల్ల కాదన్నట్టు కుప్పుసామి వైపు చూసింది.

కుప్పుసామి కాఫీ లోటా కింద పెట్టి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. మోకాలి చిప్ప గాడి తప్పి పక్కకు జారి ఉంది. వేలితో మెల్లగా తోస్తే లోపలికి వెళ్లింది. కుక్క కుయ్యిమంది. పీళమేడు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు ప్రయోగశాలలో పత్తి పోగుల పొడవూ బలమూ కొలుస్తూ రిటైరైనవాడు ఆయన. కొలతకు అందిన లోపాన్ని సరిదిద్దవచ్చునని గట్టి నమ్మకం.

పశువుల డాక్టర్ తేన్మొళి నిన్ననే బొమ్మ గీసి మరీ చెప్పింది. గాడిని లోతు చేసి చిప్పను నిలబెట్టవచ్చు. కాని కుక్కకు వయసు మళ్లింది, గుండె కవాటం సరిగా మూసుకోవడం లేదు, మత్తుకు తట్టుకోకపోవచ్చు. ఆపరేషన్ చేయించకపోతే మందులతో నెట్టుకు రావాలి, నొప్పి మాత్రం పెరుగుతూనే పోతుంది. ఏదో ఒకటి ఈరోజు తేల్చి చెప్పమంది.

"నాయనా, ఆస్పత్రికి ఏమని చెప్పేది?" పంపుల కంపెనీలో ఉద్యోగానికి బయల్దేరుతూ, జడ అల్లుకుంటూ అడిగింది ఆనంది.

"చేసేయమని చెప్పు. శానా కుక్కలు బాగా నడుస్తాయని ఆమే చెప్పింది కదా."

"అది మంచి గుండె ఉండే కుక్కల సంగతి నాయనా."

"అట్లని భయపడి కూర్చుంటే? ఇది ఇట్లనే ఈడ్చుకుంటా ఉండాలా?"

లోపలి గదిలోంచి వాకరు చప్పుడు వినిపించింది. భార్య పాంచాలి వస్తోంది. ఆమె మోకాలి మార్పిడి జరిగి ఏడాది దాటింది. చీము పట్టింది. మళ్లీ కోశారు, మళ్లీ కుట్టారు. ఆ కాలు ఇప్పుడు రోకలిలా బిగుసుకుపోయింది. ఆ ఆపరేషన్ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"పూ కేట్టు చూద్దాము," అంది పాంచాలి, వాకరు మీద వాలి.

అమ్మవారిని పువ్వు అడగడం ఆ వైపు ఊళ్లలో పాత వాడుక. సంబంధం కలుపుకోవడమైనా, బావి తవ్వించడమైనా, తెల్లపువ్వు ఒక ఆకులోనూ ఎర్రపువ్వు ఇంకో ఆకులోనూ పొట్లం కట్టి, అమ్మవారి ముందు వేసి ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే అమ్మ సరేనన్నట్టు. ఎర్రది వస్తే వద్దన్నట్టు.

"మారియమ్మ ఎప్పుడు చదివింది పశువుల డాక్టరుకు?" అన్నాడు కుప్పుసామి.

"మీరు కొలిచింది చాలుంగ. ఈ ఒక్కసారి ఆయమ్మను చెప్పనీండి."

"ఐయో, మళ్లీ మొదలుపెట్టినారా?" ఆనంది నుదురు కొట్టుకుంది. "కుక్కకు కాదు, ముందు మీ ఇద్దరికీ మత్తు ఇప్పించాల."

కుప్పుసామికి నవ్వు వచ్చింది. పెళ్లైన నాటినుంచీ సాగుతున్న వాదం ఇది. ఈరోజు కళ్లముందే తేల్చేస్తే సరిపోతుందని ఒప్పుకున్నాడు.

పాంచాలి పెరట్లో కుర్చీ వేయించుకొని, పూలు కోయించుకొని, ఒంటరిగా కూర్చుని పొట్లాలు కట్టింది. ఆనంది దీపం వెలిగించింది. తల్లి ఆస్పత్రి నుంచి వచ్చిన నాటినుంచీ శుక్రవారం దీపం ఆ పిల్లదే. పాంచాలి నిలబడలేకపోతోంది గనుక అనుకున్నాడు కుప్పుసామి. అంతకుమించి ఆలోచించలేదు.

ఆనంది కళ్లు మూసుకొని ఒక పొట్లం తీసి విప్పింది. ఎర్ర గన్నేరు.

"వేండామని చెప్పేసింది ఆయమ్మ," అంది పాంచాలి గబగబా. "ఫోన్ చెయ్యి ఆనందీ."

"ఆగు!" కుప్పుసామి దీపం దగ్గరికి వంగాడు. "చెయ్యి జానెడు ఇటు పడుంటే తెల్లది వచ్చుండును. దాన్నీ ఆయమ్మ మాటే అనుండేవారు. ఇదిగో, చూడండి మీ తెల్లపువ్వు..."

"దాన్ని విప్పొద్దుంగ!"

అప్పటికే విప్పేశాడు. అందులోనూ ఎర్ర గన్నేరే.

బొరుగు పాకుతూ వచ్చి ఆకును వాసన చూసింది.

"అమ్మా, ఇదేందమ్మా?" ఆనంది రెండు పువ్వులూ చేతిలోకి తీసుకుంది.

పాంచాలి తలెత్తలేదు. "నా మోకాలికి పూ కేట్టినప్పుడు తెల్లది వచ్చింది. నేనే కట్టినాను పొట్లాలు, నిజంగా కట్టినాను. మీ నాయన నూటికి తొంభై అయిదు మందికి బాగైపోతుందన్నారు. ఆయమ్మ తెల్లపువ్వు ఇచ్చింది. ఇద్దర్నీ నమ్మినాను."

"మిగిలిన అయిదుగురిలో..." అనబోయి కుప్పుసామి ఆగిపోయాడు. లెక్క తప్పు కాదు. ఆ అయిదుగురిలో ఒకతె ఎదురుగా కూర్చుని ఉంది.

"ఇంక ఎవరినీ నమ్మి ఒక ప్రాణాన్ని ఇచ్చేదానికి నాకు ధైర్యం లేదు," అంది పాంచాలి. "మీ లెక్కకు ఎదురు చెప్పేదానికి చదువు లేదు. సామి చెప్పిందంటే కోపమైనా సామి మీద పోతుందని ఇట్ల చేసినాను."

"అది బాగా నడవాలనే కదా నేను..."

"లేదుంగ. దాని కాలితో నా కాలికి బదులు చెప్పాలని చూస్తా ఉండారు. అది నడిస్తే నా కాలు తిరిగొస్తుందా?"

భార్య ఆ పువ్వును శంకించే రోజు కోసం ఆయన యవ్వనమంతా వాదించాడు. ఆ రోజు వచ్చింది. గెలిచినట్టు లేదు. ఆమెకు ఆనుకొనేందుకు ఉన్న గోడనెవరో పడగొట్టి పోయినట్టుంది. పడగొట్టినవాళ్లలో తానూ ఒకడు.

"నొప్పి ఎట్ల ఉండాది?" ఏడాదిగా అడగని ప్రశ్న అది.

పాంచాలి ఆయన వంక కొత్తగా చూసింది. "ఉండాది. ఎప్పుడూ ఉండాది," అంది, కొంగు కళ్లకు అద్దుకుంటూ.

ఆపరేషన్ వద్దని, మందులే ఇమ్మని కుప్పుసామే ఫోన్ చేసి చెప్పాడు. నొప్పి పెరిగితే ఆ తర్వాత ఏమిటో డాక్టరమ్మ చెప్పబోతే, తెలుసునన్నాడు. ఆనంది మొహం తుడుచుకొని బస్సుకు వెళ్లిపోయింది. ఆయన అటక మీది నుంచి పెళ్లిళ్లకు పరిచే చారల జమక్కాళాలు దింపి, పాంచాలి మంచం నుంచి వీధి గుమ్మం దాకా టైల్స్ కనపడకుండా పరిచాడు. కుక్క వాటి మీద జారకుండా నాలుగడుగులు వేసి, కాలు ముడుచుకొని చతికిలబడింది. పాంచాలి వాకరు ఎత్తి జమక్కాళం మీద ఆనించింది. అదీ జారలేదు.

జమక్కాళాలు దులిపిన గాలికి ఆరిందో, నూనె అయిపోయిందో, దీపం కొండెక్కి ఉంది. కుప్పుసామి అగ్గిపెట్టె తీశాడు. తన చేతితో ఆ మూల దీపం ఏనాడూ పెట్టినవాడు కాదు.

"పెట్టేదా?" అన్నాడు పుల్ల గీసి.

"ఎవరికి?" అంది పాంచాలి.

ఆయన పుల్ల పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. మంట వేళ్ల దాకా వచ్చింది.

"చెయ్యి కాలుతుందుంగ, పారేయండి," అంటూ ఆమె వంగలేని కాలితోనే ముందుకు వంగి, ఊది ఆర్పింది.