రీవాస్‌లో నూట ఎనిమిది గళ్లు

“నా బిడ్డ పండుకునే గదికి లోపలి గడియ ఉన్నదో లేదో మేడం. గా ఒక్క ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు.”

మంజుల చేతిలో గులాబీలు కోసే కత్తెర ఉంది. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కన, ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే ఆ పాలిహౌస్‌లో ఆమె ఆరేళ్లుగా కూలికి వస్తోంది. ఆమె కూతురు భవితకు ఇరవై నాలుగేళ్లు. గండిపేట జలాశయం గేట్ల కంట్రోల్ రూంలో ఆపరేటర్. లక్కీ డ్రాలో ఫ్రీ టూర్ తగిలిందని నాలుగు రోజుల క్రితం విమానం ఎక్కింది. నిన్న పొద్దుటి నుంచి ఆమె ఫోన్ స్విచాఫ్.

“మీరు పోవద్దని చెప్పలేదా?” అడిగింది అరుణాదేవి.

“చెప్పకేం? తెల్వనోళ్లు ఊకెనే విమానం ఎక్కిస్తరా అన్న. ‘నీకు ప్రతిదాంట్ల సావే కనబడ్తది అవ్వా’ అన్నది. ఇగ మాట్లాడుడు బంద్ చేసిన. బ్యాగు పట్టుకొని ఆటో ఎక్కుతుంటే గూడ మాట్లాడలే.” కత్తెర టక్కున మూసుకుంది. ఇంకా విచ్చని మొగ్గ ఒకటి తెగి కింద పడింది. “ఇప్పుడొచ్చి గుమ్మంల నిలబడ్డా మాట్లాడ.”

అరుణాదేవికి నలభై ఆరేళ్లు. చూసేవాళ్లకు ఆమె బ్లౌజులు కుట్టే మనిషి. నిజానికి ఆ పాలిహౌస్ వెనక, పూలు నిలవ చేసే కోల్డ్ రూం లోపలి తలుపు తెరిస్తే వచ్చే రహస్య విభాగంలో ఆమె ఏజెంట్ నంబర్ నాలుగు. ఆ విభాగానికి అధిపతి గంగాధరరావు. ముప్పై ఏళ్ల క్రితం తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డా, ఆయన మాట మాత్రం తెనాలిలోనే ఉండిపోయింది.

అరుణ ఆ లోపలి గదిలోకి రాగానే ఆయన గోడ మీది స్క్రీన్ వెలిగించాడు. నీలం సరస్సు, దాని మధ్యలోంచి లేచిన అగ్నిపర్వతం, కొబ్బరి చెట్ల బీచ్.

“రీవాస్. నికరాగ్వాలో చిన్న ఊరు. ఒక పక్క సముద్రమంత సరస్సు, ఇంకో పక్క అరగంటలో బీచ్‌లు. టూరిస్టులు బస్సు మారడానికి దిగుతారు గానీ ఎవరూ ఆగరమ్మా. వచ్చేపోయే మొహాలు ఎవరికీ గుర్తుండవు. ఈ ఫ్రీ టూర్ల ముఠాకి అందుకే నచ్చింది.”

కింద భవితకు వచ్చిన టూర్ బ్రోషర్‌లోని తెలుగు అక్షరాలు మెరిశాయి: ‘సరస్సులకూ బీచ్‌లకూ ముఖద్వారం.’

“వాళ్లకేం కావాలె?”

“భవిత లాగిన్. ఎల్లుండి సాయంత్రం ఆరున్నరకి, డ్యూటీ మారే టైంలో, పదిహేను గేట్లూ ఒకేసారి ఎత్తేస్తారు. జలాశయం నిండుగా ఉంది. కింద మూసీ పక్కన ఎన్ని ఇళ్లున్నాయో మీకు తెలుసు.”

“లాగిన్ ఇప్పుడే ఆపెయ్యొచ్చు గద సార్?”

గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆపిన నిమిషానికి ఆ పిల్లతో వాళ్లకి పనుండదు. పైవాళ్లు ఆరు ఇరవై ఎనిమిది దాకా టైమిచ్చారు. ఆ తర్వాత ఆపేస్తారు.”

“అంటే గేట్లు ఎట్లయినా భద్రం. పిల్ల సంగతి మాత్రం దేవుడికెరుక.”

“అమ్మా, నేను…”

“గా టైం కాయితం మీద సంతకం పెట్టినోళ్ల ఇంట్ల ఆడపిల్లల్లేరా సార్?” కుర్చీ వెనక్కి తోసి లేచింది అరుణ. ఆయన కళ్లజోడు పెట్టుకుని సొరుగు తెరిచాడు. టికెట్టు, పాస్‌పోర్టు, కొప్పుకు పెట్టుకునే ఒక క్లిప్పు టేబుల్ మీద పెట్టాడు.

“క్లిప్పులో సిగ్నల్ జామర్ ఉంది. రెండు నిమిషాలే పనిచేస్తుంది. అక్కడ మన మనిషి తన్వి. ఏడాదిగా ముఠాలోనే ఉంటోంది. మీ వేషం, తెలుగు టూర్ గ్రూపుకు ముందుగా వెళ్లే వంటమనిషి.”

ఆ వేషాన్ని ఎవరూ అనుమానించరు. మనవాళ్లు చంద్రుడి మీదికి టూర్ వెళ్లినా ముందు ఒక వంటమనిషి వెళ్లి చింతపండు దొరుకుతుందో లేదో చూసి రావాల్సిందే.

రెండు రోజుల తర్వాత, రీవాస్‌లో ఉదయం ఆరు నలభై. మొయినాబాద్‌లో సాయంత్రం ఆరు పది.

ఊరి పక్కనే సరస్సు రేవు. పాత పసుపు స్కూలు బస్సుల్లోంచి అరటి గెలలతో జనం దిగుతున్నారు. ఒడ్డున అలలు సముద్రంలాగే విరుగుతున్నాయి. ఎదురుగా అగ్నిపర్వతం తలమీద ఒక మేఘం కూర్చుంది. అందంగానే ఉంది. ఆ అందం చూసినకొద్దీ అరుణకు ఒళ్లు మండింది. ఇది చూపించే కదా పిల్లను లాక్కొచ్చారు!

తెల్లటి గౌను, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదాలు. ఫెర్రీ టికెట్ల దగ్గర నిలబడ్డ యువతి పక్కకు వెళ్లి గుర్తు మాట అంది అరుణ.

“ఈసారి చేవెళ్ల క్యారెట్‌కు తీపి తగ్గిందట.”

“వాన ఎక్కువైతే అంతే మరి.” కళ్లద్దాలు పైకెత్తి నవ్వింది తన్వి. “అక్కా, జల్దీ. భవితను సరస్సు నడుమ దీవిల పెట్టిన్రు. ఏడింటికి ఫెర్రీ. నువ్వెక్కు, అక్కడ మనోడు ఉంటడు.”

“నువ్వు రావా?”

“నేను ఈడ కనిపించకపోతే వాళ్లకు డౌటొస్తది. ఫికర్ చెయ్యకు అక్కా, అంతా మంచిగైతది. ఈ మిషన్ సక్సెస్ కావాలని పోయిన వారమే ఇంటికొచ్చి, చిల్కూరు బాలాజీ కాడికి పోయి మొక్కుకున్న. జిందగీల ఫస్ట్ టైం. గిదిగో, సాక్ష్యం!”

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడత పెట్టిన చిన్న కార్డు తీసి కళ్లకద్దుకుంది. ప్రదక్షిణలు లెక్క తప్పకుండా భక్తులు పెన్నుతో కొట్టుకునే కార్డు. ఒకటి నుంచి నూట ఎనిమిది దాకా గళ్లు. ప్రతి గడిలోనూ నీలం గీత.

అరుణ ఆ కార్డును తీరిగ్గా చూసింది.

“నూట ఎనిమిదీ తిరిగినవా? కాళ్లు గుంజలేదా చెల్లె?”

“గుంజినయి గని, దేవుని పని కదా అక్కా.”

“మొక్కుకునేటోళ్లు తిరిగేది పదకొండు చుట్లు. కోరిక తీరినంకనే నూట ఎనిమిది.” అరుణ గొంతు తగ్గింది. “నీ కోరిక ఎన్నడు తీరింది? మాకు చెప్పనే లేదు.”

ఎర్రటి పెదాల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. తన్వి చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. అరుణ చెయ్యి అంతకన్నా ముందే వెళ్లింది. మణికట్టు మెలి తిరిగింది. చిన్న పిస్టల్ ఇసుకలో పడింది.

“వీసాల దేవునికి మొక్కినవంటే, ఏ దేశం పాస్‌పోర్టిచ్చిన్రు నీకు? దేవునికి మాత్రం మాట తప్పలే. ఇరవై నాలుగేండ్ల పిల్లను అమ్మి, ఆ మొక్కు సక్కగ తీర్చి వచ్చినవ్. సిగ్గులేదానె తన్వీ?”

“ఇంక తొమ్మిది నిమిషాలే అక్కా,” పళ్లు బిగించి నవ్వింది తన్వి. “ఏం చేస్తవ్?”

అరుణ ఆమె బ్యాగును నేల మీద కుమ్మరించింది. చెక్క బిళ్ల కట్టిన తాళంచెవి. బిళ్ల మీద నీలం రంగు హోటల్ బొమ్మ, ఆరో నంబర్. తలెత్తి చూస్తే రోడ్డవతల అదే నీలం హోటల్. తనను దీవికి పంపాలని చూసింది దారి తప్పించడానికే.

గంగాధరరావు ముందే ఏర్పాటు చేసిన, అరటి గెలల మాటున మఫ్టీలో ఉన్న ఇద్దరు స్థానిక పోలీసులకు సైగ చేసింది. ఒకడు తన్విని పట్టుకున్నాడు. రెండోవాడు వెంట వస్తానంటే, మెట్ల కిందే ఆగమంది. యూనిఫాం ఉన్నా లేకున్నా బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, లోపల ఏం జరుగుతుందో ఆమె ఊహించగలదు. ఊహ ఆపుకోలేకనే పరిగెత్తింది.

ఆరు యాభై ఆరు.

ఆరో గది తలుపుకు చెవి ఆనించింది.

“కళ్లు తెరువు!” వచ్చీరాని ఇంగ్లీషులో ఒక మగ గొంతు. ముఠా నాయకుడే. వాణ్ని అందరూ కెప్టెన్ అంటారు. “మీ అమ్మ ఇల్లు ఇదే కదా? మా మనిషి గేటు దగ్గరే ఉన్నాడు.”

గేట్ల సిస్టంకు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. తెరిచిన కళ్లతో మొహం చూపించాలి. రెండు రోజులుగా భవిత కళ్లు మూసుకునే ఉంది. ఇప్పుడు తల్లి పేరు ఎత్తేసరికి వెక్కిళ్లు వినిపించాయి. తర్వాత లాప్‌టాప్ ‘టింగ్’మంది. కళ్లు తెరిచింది!

ఆరు యాభై ఏడు. ఇంకొక్క నిమిషంలో అక్కడ గండిపేటలో లాగిన్ కట్ అవుతుంది. స్క్రీన్ మీద ఆ సంగతి పడ్డ క్షణాన ఈ గదిలో పిస్టల్ పేలుతుంది.

అరుణ కొప్పులోని క్లిప్పు నొక్కింది.

“వెయిటింగ్… వెయిటింగ్…” కెప్టెన్ బల్ల మీద గుద్దాడు. “ఈ ఊళ్లో నెట్ ఎప్పుడూ ఇంతే!”

గీతల చక్రం తిరుగుతూనే ఉంది. లాగిన్ పోయిందన్న సంగతి వాడికి తెలియదు. వైఫై పెట్టెను తట్టడానికి వాడు గోడవైపు తిరిగిన చప్పుడు వినగానే, అరుణ తాళం తిప్పి లోపలికి దూకింది. తలుపు పక్కన ఉన్న స్టూలు ఎత్తి పిస్టలున్న చేతి మీద కొట్టింది. రెండో దెబ్బ మోకాలి మీద. మూడోది అవసరం లేదు. అయినా కొట్టింది.

“గిది మంజులమ్మ తరఫున!”

మెట్ల మీద పోలీసు బూట్లు దడదడలాడాయి. కుర్చీకి కట్టేసి ఉన్న భవిత అతి కష్టం మీద తలెత్తింది. “మేడం, అవ్వ… ఇంటి కాడ మనిషున్నడు…”

“హిమాయత్‌నగర్‌ల మీ ఇంటి కాడున్న వాడిని పొద్దుగాల్నే పట్టుకున్నరు. అవ్వ పూల కాడ ఉన్నది.” కట్లు కోస్తూ అరుణ కసిరింది. “ఫ్రీ అంటే ఇంత దూరం వస్తవా? సదువుకున్నవా లేదా?”

పిల్ల భోరుమంది. అరుణ ఆమెను లేవదీసి ఫోన్ తీసింది.

మొయినాబాద్‌కు ఫోన్ కలిసింది. గంగాధరరావు ఎత్తాడు. “మంజుల ఇక్కడే ఉందమ్మా. స్పీకర్ పెట్టాను.”

“అవ్వా,” అంది భవిత.

ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

“అవ్వా, నేను మంచిగనే ఉన్న. దెబ్బలేం తాకలే. మాట్లాడవానె?”

శ్వాస మాత్రం వినిపిస్తోంది. పాలిహౌస్ ప్లాస్టిక్ కప్పు మీద వాన చప్పుడు. భవిత చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. రేవులో ఫెర్రీ కూత వేసి, ఒడ్డు వదిలి, బాగా దూరం పోయింది. ఫోన్ కట్ అయిందేమోనని అరుణ స్క్రీన్ చూసింది. కట్ కాలేదు.

“తప్పయింది అవ్వా. తిట్టనన్న తిట్టు.”

అంతలో గొంతు సవరించుకున్న చప్పుడు.

“నీతోని నేను మాట్లాడ,” అంది మంజుల. “ఆ మేడంకియ్యి ఫోను. నువ్వు తిన్నవో లేదో ఆమెనే చెప్పాలె, నువ్వు అబద్ధాలాడుతవ్.”