పంటిగాటు పంచాయితీ

ఆదివారం పొద్దున్నే అక్క తన నాలుగేళ్ళ కూతుర్ని తమ్ముడికి అప్పజెప్పి, "పార్కుకి తీసుకెళ్ళు. నేను కాసేపు మనిషిలా పడుకుంటాను," అంది. తమ్ముడు పళ్ళ డాక్టరు. బయట ఎంత పేరున్నా, పెళ్ళికాని తమ్ముడంటే జీతంలేని ఆయా అని ఆ ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

పార్కులో ఆటస్థలం పిల్లల కోసమని పేరేగానీ, అక్కడ ఒళ్ళు హూనం చేసుకునేది పెద్దవాళ్ళే. ఒక తండ్రి జారుడుబల్ల కింద నిలబడి, "మోకాళ్ళు దగ్గరికి, వెన్ను నిటారుగా," అని కొడుక్కి జారడం నేర్పిస్తున్నాడు. వాడు పైన బిక్కమొహం వేసుకుని కూర్చుంటే వెనక లైను పెరిగిపోతోంది. ఇసుకలో బోర్లాపడ్డ కూతుర్ని లేపకుండా ఒక తల్లి, "వీడియో సరిగ్గా రాలేదు బంగారం, ఇంకోసారి పడవా," అని బతిమాలుతోంది.

డాక్టరు బెంచీ మీద కూర్చుని ఈ తమాషా చూస్తుండగా, ఊయల దగ్గర్నుంచి "అమ్మూ" అని పెద్ద కేక వినిపించింది. ఒక బుడ్డోడు చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. పక్కనే మేనకోడలు తనకేమీ తెలియనట్టు మబ్బులకేసి చూస్తోంది.

డాక్టరూ, పొడుగు జడ ఉన్న ఒక అమ్మాయీ ఒకేసారి అక్కడికి పరిగెత్తారు.

"మీ పాప మా వాణ్ణి కరిచింది," అందామె.

"చూడకుండా మాట అనకండి." డాక్టరు బాబు చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. గొంతు తగ్గించాడు. "కింది వరసలో ఒక పన్ను వంకర. మా పాపే."

"వాడు ఊయల దిగట్లేదు నానీ," అంది మేనకోడలు. ఇంట్లో అందరూ పిలిచే ముద్దుపేరుతోనే ఆ పిల్లా అతన్ని పిలుస్తుంది.

ఆమె నవ్వు ఆపుకుంది. "పళ్ళ డాక్టరా? నేను పశువుల డాక్టర్ని. చర్మం తెగలేదు. సబ్బుతో కడిగితే చాలు."

"మా పాప పశువు కాదండీ."

"నిజమే. కుక్కయితే ముందు గుర్రుమని చెప్పి మరీ కరుస్తుంది."

చెయ్యి కడగడం అయ్యేసరికి పిల్లలిద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఇసుకలోకి పోయారు. పెద్దవాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద మిగిలారు.

"కుక్కలకి పళ్ళు తోముతారా?" అడిగాడు.

"మీ పేషెంట్లకంటే బుద్ధిగా నోరు తెరుస్తాయి," అని ఈసారి ఆమె నిజంగానే నవ్వింది.

ఇంకొకరి భార్య నవ్వు ఇంతసేపు చూడకూడదని డాక్టరు తల తిప్పుకోబోయాడు. మెడ మాట వినలేదు.

ఈలోగా పార్కు పేరెంట్స్ గ్రూపు చుట్టూ చేరింది. జారుడుబల్ల తండ్రే అధ్యక్షుడు. "ఈ పాప ప్రవర్తన మా పిల్లల ఎదుగుదల మీద ప్రభావం చూపిస్తుంది," అన్నాడు.

"కరిపించుకున్నది మా వాడు. వాడే మర్చిపోయాడు కదండీ," అందామె.

"వాడు మర్చిపోవచ్చు మేడమ్. గ్రూపు మర్చిపోదు."

వచ్చే ఆదివారం పాపకి ప్రవేశం లేదని తేల్చి, ఆ పిల్ల ఫొటో గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చారు. ఆ తీర్మానం చదువుతుండగానే అధ్యక్షుడి కొడుకు ఎవరో పిల్ల జుట్టు పీకాడు. అది ఎజెండాలో లేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పాప లేకుండా పార్కుకి వెళ్ళే పనే లేదు. అయినా డాక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమెకి సారీ చెప్పి వచ్చేస్తానని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. సారీకి సెంటెందుకని అక్క అడిగితే, వినబడనట్టు మెట్లు దిగాడు.

తుంపర పడుతోంది. ఆటస్థలం గేటు బయట, గొడుగు కింద ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"బాబు ఏడండీ?"

"రానన్నాడు. మీ పాప లేకపోతే వాడికి పార్కు బోరట. ఇంట్లో వాళ్ళమ్మని పీక్కుతింటున్నాడు."

"వాళ్ళమ్మంటే... మీరు కాదా?"

"నేను మేనత్తని. ఇంట్లో అందరూ నన్ను అమ్మూ అంటారు. వాడూ అదే పట్టుకున్నాడు."

వారంగా గుండెమీద మోస్తున్న పాపమంతా ఒక్కసారి దిగిపోయింది డాక్టరుకి. "నేనూ నాన్నని కాదండీ. నానీ అంటే..."

"తెలుసు. మీ పాప మా వాడికి అన్నీ చెప్పేసింది. నానీకి పెళ్ళి కాలేదు, అందర్నీ నోరు తెరవమంటాడుగానీ తను తెరవడు అని మీ అమ్మగారు అంటారట."

"ఇవన్నీ తెలిసే వచ్చారా?"

"వానలో ఊయల చూద్దామని వస్తానా?"

ఇక తెరవక తప్పలేదు. "నేను సారీ చెప్దామని రాలేదండీ. మిమ్మల్ని చూద్దామనే వచ్చాను. వారమంతా ఎవరి నోట్లోకి చూసినా మీ నవ్వే. ఒకాయనకి బాగున్న పన్ను పీకబోయాను."

"పీకేశారా?"

"ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు."

ఆమె గొడుగు సగం అతని మీదికి జరిపింది. ఇంతలో వాన జోరందుకుంది. లోపల ఉన్న షెడ్డు కిందికి పోదామని ఇద్దరూ గేటు తోశారు. వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"పిల్లలు లేని పెద్దవాళ్ళని పంపకూడదు సార్. పిల్లల్ని తీసుకుని రండి."

డాక్టరు వెనక్కి తిరగబోయాడు. ఆమె మాత్రం అతని వైపు చూడకుండా, పేషెంటు గురించి చెప్తున్నంత నిదానంగా అంది:

"దానికి ఇంకా కొంచెం టైమ్ పడుతుంది."

"తొందరేం లేదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "సాయంత్రం ఆరింటిదాకా గేటు తీసే ఉంటుంది."