అత్తగారు బిగించిన బ్రేకు

ఉదయం ఏడింటికి డ్యూటీకి బయలుదేరిన కోడలు పది నిమిషాల్లోనే సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చింది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. వాలులో ముందు బ్రేకు పట్టక గోడకు గుద్దుకుంది.

ఆ బ్రేకు వారం క్రితం బిగించింది అత్తగారే. భర్త పోయాక ఆయన సైకిలు షాపును ఇంటి ముందు గదిలో ఆమే నడుపుతోంది. ఈమధ్య చూపు మందగించింది.

భార్యకు కట్టు కడుతూనే కొడుకు అందుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా, ఇక చాలించమని? ఇవాళ మోచెయ్యి. రేపు ఎవరి ప్రాణమో పోతే?"

తల్లి రెంచీలు ఏరి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

"ఒక్కసారి చూడండత్తయ్యా," అంది కోడలు.

"నా చేతి మీద నాకే నమ్మకం పోయిందమ్మా. ఇంకెక్కడైనా చూపించుకో."

"ఏమైందో తెలియకుండానే పెట్టె మూసేస్తారా?"

అత్తగారు పెట్టె పక్కకు జరిపి, స్టూలు లాక్కుని కూర్చుంది. బ్రేకు మీట నొక్కింది. కేబుల్ జారలేదు. ప్యాడ్లు అరగలేదు, రెండూ చక్రం మధ్యనున్న డిస్కు పళ్లేన్ని పట్టుకుంటూనే ఉన్నాయి. అయినా తిప్పిన చక్రం ఆగడం లేదు. తెల్లగుడ్డతో డిస్కు తుడిచింది. గుడ్డకు జిడ్డు మరక అంటింది. వాసన చూసింది.

"దీనికి నూనె ఎవరు వేశారు?"



"నేనే," అన్నాడు కొడుకు. "నిన్న గొలుసుకి వేస్తుంటే, బ్రేకు కూడా కీచుమంటోంది కదా అని..."

"డిస్కుకి నూనె తగలకూడదురా. ప్యాడ్లు పీల్చేసుకుంటే ఇక పట్టవు."

కొత్త ప్యాడ్ల కోసం లేచి అలమర దగ్గరికి వెళ్లి, అటు తిరిగే నిలబడిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

కొడుకు దగ్గరికి వెళ్లాడు. "తప్పు నాదేనమ్మా. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను."

"నీ తప్పని కాదురా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నాది కాదని."

డిస్కును స్పిరిట్‌తో కడిగి, కొత్త ప్యాడ్లు వేసింది. కొడుకు పక్కనే కూర్చుని, అడిగిన పనిముట్టల్లా అందించాడు. అయిపోగానే హ్యాండిల్ పట్టుకున్నాడు. "ముందు నేను తొక్కి చూస్తాను."

"తప్పుకో. బిగించినదాన్ని నేను."

చీర కొంగు నడుముకు దోపి, సైకిలెక్కి ఆమె వీధిలోకి వెళ్లింది. కొత్త ప్యాడ్లకు పట్టు కుదిరేదాకా మళ్లీ మళ్లీ వేగం పెంచుతూ, నొక్కుతూ తిరిగింది. చివరిసారి వాలు పైనుంచి దిగింది. కొడుకు, కోడలు గుమ్మంలో నిలబడ్డారు.

సరిగ్గా వాళ్ల ముందు చక్రం ఆగింది.