ఆ కార్డు లేదు

కంప్యూటర్ ల్యాబ్‌లో ఫ్యాన్లన్నీ ఆపేశారు. బల్ల మీద పరిచిన కార్డులు ఎగిరిపోకూడదు కదా! మొత్తం నలభై కార్డులు. అన్నీ కథలపుట్ట రాసినవే.

ఆ అమ్మాయి అసలు పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది. ఆరో తరగతిలో అందరికీ ఆమె కథలపుట్టే. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేది: "వీడియో గేములకి కథలు రాస్తాను." విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. తను మాత్రం నవ్వేది కాదు.

ఈ ఏడాది స్కూలు తరఫున ఒక గేమ్ తయారవుతోంది. దానికి కథ రాసేది ఒక్కరే. ఆ ఒక్కరినీ ఎంచడానికి కంప్యూటర్ టీచర్ పరీక్ష పెట్టారు. ముందు గేమ్‌ని కాగితం మీద ఆడి చూడాలి. ఒక్కో కార్డు మీద ఒక్కో సన్నివేశం. ఆడేవాళ్ళు ఏం చేస్తామంటే దానికి తగిన కార్డు కథ రాసినవాళ్ళు తీసివ్వాలి.

ఆడటానికి వెనక బెంచీ పొడుగమ్మాయి కూర్చుంది. మొదటి కార్డు పైకి చదివింది. కోట తలుపు మూసి ఉంది, కాపలావాడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"నేను వాణ్ణి లేపుతా," అంది.

"వద్దు. వాడి తాళంచెవి దొంగిలించాలి," అంది కథలపుట్ట.

"లేపి అడిగితే ఇస్తాడేమో?"

"ఇవ్వడు! ఆ కార్డు లేదు. నువ్వు దొంగిలించు."

పొడుగమ్మాయి దొంగిలించింది. లోపల రాజకుమారి కనిపిస్తే, "ఈమెతో మాట్లాడతా," అంది. "ఆ కార్డూ లేదు, పరిగెత్తు," అంది కథలపుట్ట. పాపం, పరిగెత్తింది. పదో కార్డు దగ్గర చేతిలోని కార్డులన్నీ కింద పెట్టేసింది.

"అంతా నువ్వే చెప్పేస్తుంటే ఇక నేనెందుకే? నువ్వే ఆడుకో!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. కథలపుట్ట ముఖం మాడిపోయింది.

ఆఖరి పీరియడ్‌లో టీచర్ ఒక పేరు చదివారు. అది తన పేరు కాదు.

"నీ రాత బాగుంది తల్లీ," అని తర్వాత పక్కకి పిలిచి చెప్పారు. "కానీ ఆడేవాళ్ళకి అందులో చోటు లేదు."

రెండు నెలలపాటు ఆదివారాలన్నీ ఆటలు మానుకుని రాసింది. అదంతా బూడిదలో పోసిన పన్నీరయింది. ఇంటికి నడుస్తుంటే ఒకటే ఆలోచన. స్కూలు గేమే రాయలేనిదానికి రేపు నిజం గేమ్ ఎవరిస్తారు? ఇంకెప్పటికీ రాయకూడదనుకుంది. ఇల్లు చేరగానే కార్డులన్నీ చెత్తబుట్టలో పడేసి గోడకి ముఖం తిప్పుకుని కూర్చుంది.

నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు. బుట్టలో కార్డులు చూసి, ఒక్కొక్కటే తీసి దులిపాడు.

"ఇదెలా ఆడాలమ్మా?"

"ఆడక్కర్లేదు. అది ఎవరికీ నచ్చలేదు. నాకేం రాదు."

నాన్న వినిపించుకోలేదు. యూనిఫాం కూడా మార్చకుండా కింద కూర్చుని చేతికందిన కార్డు చదివాడు.

"ఎదురుగా నది ఉంది. పడవ ఎక్కుతావా, ఈదుతావా? అబ్బే, రెండూ వద్దు. నేను ఒడ్డున కూర్చుంటా."

"అలా కుదరదు నాన్నా! నది దాటాల్సిందే!"

"పొద్దుట్నుంచీ ఒకటే రూట్లో తిప్పి తిప్పి వచ్చాను. ఒక్క సందులోకి తిరగడానికి లేదు. ఇక్కడ కూడానా తల్లీ?"

నాన్న నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన కళ్ళు అలసిపోయి ఉన్నాయి. ఆ కార్డు లేదు అనబోయి కథలపుట్ట ఆగిపోయింది. కార్డులు కింద పెట్టేసినప్పటి పొడుగమ్మాయి ముఖం గుర్తొచ్చింది. అప్పుడది కోపమనుకుంది. ఇప్పుడు తెలిసింది, అది కోపం కాదు, చిన్నబోవడం. సిగ్గేసింది. స్కూలు గేమ్ ఎలాగూ తనకి దక్కదు.

అయినా ముక్కు తుడుచుకుని ఒక తెల్ల కార్డు తీసింది. పైన 'ఒడ్డు' అని రాసింది.

"కూర్చుని ఏం చేస్తావు నాన్నా?"

నాన్న ఆలోచనలో పడ్డాడు. చేపలు పట్టాలనో, మొసలి రావాలనో చెప్పేయాలని కథలపుట్ట నాలుక దురదపెట్టింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది. నాన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. తను పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"బూట్లు విప్పేసి, కాళ్ళు నీళ్ళలో పెడతానమ్మా," అన్నాడు చివరికి.

కథలపుట్ట ఒక్క మాట కూడా మార్చకుండా రాసుకుంది.