వాసన లేని మందు

రమణమ్మ వాళ్ల పొట్టి ఆవు కొట్టంలో చచ్చి పడి ఉంది. ఈని వారం కాలేదు. మందు పెట్టిందెవరని ఎస్సై సింధూజ అడగ్గానే రమణమ్మ అరిచింది.

"మందు పెట్టినాడమ్మా! బోరు కాడ కొట్లాడినాడే, ఆ చిన్నప్పే!"

పక్కింటి చిన్నప్ప పెరట్లో పురుగుమందు డబ్బా దొరికింది. పుంగనూరు పోలీసులు అతన్ని జీపెక్కించారు.

"నాగరాజప్పా, నువ్వన్నా చెప్పు. నేనట్లాటోణ్ణా?"

పశువుల ఆసుపత్రి అసిస్టెంట్ నాగరాజు తల దించుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు మదనపల్లె ల్యాబ్ నుంచి ఎస్సై సింధూజకు ఫోన్ వచ్చింది. ఆవు మూత్రపిండాల నిండా స్ఫటికాలు. పురుగుమందు జాడే లేదు.

ఆమె నాగరాజును వెంటబెట్టుకుని మళ్లీ కొట్టానికి వచ్చింది. మందు తాపే వెదురు గొట్టం వాసన చూసింది. ఏ కంపూ లేదు. రమణమ్మ వైపు తిరిగింది.

"ఎట్ల చచ్చిందమ్మా?"

"తాగినోని మాదిరి తూలింది. తరవాత ఉచ్చ ఆగిపాయ. ఇంగ లేవలా."

పేడ అలికిన నేల మీద గుండ్రటి అచ్చు కనిపించింది.

"ఈడ క్యాన్ ఉండింది. యాడ?"

"అదా? మా అల్లుడు కుప్పంలో పాలు చల్లబరిచే సెంటర్లో చేస్తాండాడు. ఆడినించి తెచ్చినాడు. మేత ముట్టకుంటే గ్లైకాల్ తాపమని నాగరాజప్పే ఫోన్లో చెప్పె. ఒక సీసాకు లేవలేదని ఇంకోటి పోస్తి. తియ్యగుంటాదేమో, గుటగుటా తాగె."

"నిన్న యాల చెప్పలా?"

"మందు పెట్టిందెవరంటివి. నేను పెట్టలా తల్లీ, పోస్తి!"

సింధూజ నాగరాజు సంచి వైపు చూసింది. సంచి అడుగున పేడ గుండ్రంగా అంటి ఎండిపోయింది.

"తియ్యప్పా."

క్యాన్ బయటికి వచ్చింది. లేబుల్ మీద ఇథిలీన్ గ్లైకాల్ అని, కింద పుర్రె బొమ్మ.

"ఆవుకు తాపేది ప్రొపిలీన్ గ్లైకాల్. ఇది మిషన్లో చల్లదనానికి పోసేది. రెండిటికీ రంగు లేదు, వాసన లేదు, రెండూ తియ్యనే. మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టించే విషమిది, తాళం వేసి పెట్టాల. నువ్వు సగం పేరే చెప్పినావు," అంది సింధూజ.

"నిన్ననే లేబుల్ చూసినా మేడం. ఉద్యోగం పోతాదని దాసినా."

"పారేయలేదేం?"

"యాడ పారేసినా ఏదో ఒక గొడ్డు నాకుతాదని..."

"గొడ్డు మీద ఉన్న జాలి చిన్నప్ప మీద లేకపాయ."

సాయంత్రానికి చిన్నప్పను వదిలారు. స్టేషన్ మెట్ల మీద నాగరాజు ఎదురుపడ్డాడు. చేతులు జోడించాడు.

చిన్నప్ప ఆ చేతులనే చూశాడు.

"మా మేక మేత మేయడంలా నాగరాజప్పా. ఏం తాపల్లో పూర్తి పేరు చెప్పిపో."