సరిదిద్దని వేలు

2051 నవంబరు 13, కార్తీక సోమవారం. సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, కాకినాడలో కనకవల్లమ్మగారి హాల్లో, టీవీ మీద సిగ్నల్ గీత ఆకుపచ్చకు తిరిగింది. ఉపవాసం ఉన్న ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి కూర్చుంది.

పాత ప్రసారాల్ని పట్టే రిసీవర్ తెచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ కరీం ఇంట్లోవాళ్లకు ముందే అన్నీ చెప్పాడు. టీవీ స్టేషన్ నుంచి శాటిలైట్‌కు పంపే అప్‌లింక్ సిగ్నల్‌ని అంతటినీ శాటిలైట్ పట్టుకోదు. చాలాభాగం దాన్ని దాటి ఆకాశంలోకి పోతుంది. పాతికేళ్లు పోయి, ఓ ధూళిమేఘానికి తగిలి, మరో పాతికేళ్లకు తిరిగొస్తుంది. వచ్చేసరికి నూటికి తొంభై వంతులు చెడిపోయి ఉంటుంది. రాని ముక్కల్ని రిసీవర్‌లోని ఎర్రర్ కరెక్షన్ పూరిస్తుంది. ఒకసారి దాటిపోయిన ప్రసారం మళ్లీ దొరకదు.

ఆ సాయంత్రం రావలసింది రాజ్యలక్ష్మి పాట. ఆమె కనకవల్లమ్మకు అక్క. ఇరవై రెండో ఏట టీవీలో నాలుగు నిమిషాలు పాడింది. ఆ పూట వీధంతా కరెంటు పోయి ఇంట్లో ఎవరూ చూడలేదు. నెల తిరక్కుండా విషజ్వరంతో పోయింది. ఉన్న రెండు ఫొటోలూ తరవాత వరదపాలయ్యాయి. అక్క ముఖం తనకు గుర్తు రావడం మానేసిందన్న సంగతి కనకవల్లమ్మ ఎవరితోనూ అనలేదు. కళ్లు మూసుకుంటే జడ కనిపిస్తుంది, ఓణీ అంచు కనిపిస్తుంది. ముఖం రాదు.

ముందు గొంతు వచ్చింది. అక్కదే. ఆవిడ చేతులు వాటంతటవే జోడయ్యాయి. తెరమీద గళ్లు ఒక్కొక్కటే సర్దుకుని, నిండైన ముఖం తేలింది.

"అచ్చం నీ పోలికేనమ్మా" అన్నాడు కొడుకు శేషు. ఆ బొమ్మను ఫోన్లోకి ఎక్కించుకుని, భార్య విరజను వెంటబెట్టుకుని, చుట్టాలకు చెప్పడానికి వరండాలోకి పరిగెత్తాడు.

కనకవల్లమ్మ మాత్రం తాళం వేస్తున్న చేతినే చూస్తోంది. అయిదు వేళ్లూ తిన్నగా ఉన్నాయి. చిన్నప్పుడు రుబ్బురోలు పొత్రం పడి అక్క చిటికెన వేలు వంకరపోయింది.

"బాబూ, రాని ముక్కల్ని నీ పెట్టె ఎక్కణ్ణించి తెస్తుంది?"

"మీ కోడలుగారిచ్చిన ఫొటోల్లోంచమ్మా. వాటిలో పాతది, మీరు ఇరవయ్యో ఏట దిగింది."

"అయితే అది తీసెయ్యి."

"తీసేస్తే ముఖం ఉండదు. మిగిలింది కూడా ఒక్క నిమిషమే."

"నా ముఖం నేను రోజూ చూసుకుంటూనే ఉన్నా నాయనా. తీసెయ్యి."

కరీం తీసేశాడు. ముఖం గళ్లుగళ్లుగా విరిగిపోయింది. తెర కింది మూల నాలుగు గళ్లు మాత్రం నిలిచాయి. వాటిలో ఒక చెయ్యి, తొడ మీద తాళం వేస్తూ. చిటికెన వేలు వంకరగా లోపలికి తిరిగి ఉంది. పాట అయ్యేదాకా ఆవిడ కూడా ఒళ్లో తాళం వేసింది.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి వచ్చేసరికి దేవుడి గది గుమ్మం పక్కన, శేషు ఫోన్లోకి ఎక్కించుకున్న ఆ నిండు ముఖం పటమై వేలాడుతోంది, చామంతి దండతో సహా.

"పెద్దత్తయ్యగారికి దణ్ణం పెట్టుకోండి అత్తయ్యా" అంది విరజ.

"బతికుండగా నాకు నేనే ఎలా పెట్టుకోనమ్మా?" అని ఆవిడ నెమ్మదిగా జరిగింది చెప్పింది.

విరజ స్టూలెక్కి దండ లాగేసింది. గుప్పెడు ఉప్పు తెచ్చి అత్తగారికి మూడుసార్లు దిష్టి తీసింది. శేషు కరీంకు ఫోన్ చేసి, పెట్టెలో రికార్డయిన, కరెక్షన్ లేని ఆ ఒక్క నిమిషంలోంచి ఒక బొమ్మను తెప్పించాడు. ఎనిమిదింటికల్లా అదే మేకుకు గళ్ల పటం ఎక్కింది. విరజ కొత్త దండ వేసి, కుంకుమ అద్దుకున్న వేలితో కాసేపు వెతికింది. ముఖం ఎక్కడుందో తెలియక, బొట్టు ఆ వంకర వేలికే పెట్టింది.